ఉడుకు సూది

నరంలోకి మందు ఎక్కించేటప్పుడు కాంపౌండరు ఈరప్ప ఎవరితోనూ మాట్లాడడు. ఎవరు పలకరించినా పలకడు. అప్పుడు ఆయన చూపు రెండు చోట్లే ఉంటుంది, సిరంజి మీది గీతల మీదా, మనిషి రొమ్ము మీదా. రొమ్ము లేచి దిగితే ఒకటి. మళ్లీ లేచి దిగితే రెండు. పదిహేను లెక్కయ్యేసరికి మందు ఒక గీత దిగాలి. సిరంజికి పది గీతలు.

అది డాక్టరు నేర్పిన కొలత. "కాల్షియం అనే ఈ మందుకు పది నిమిషాలు పట్టాల ఈరప్పా. తొందరపడితే గుండె బిగుసుకపోతాది. నీ దగ్గర గడియారం లేదు గదా, రోగి ఊపిరే గడియారం అనుకో" అన్నాడాయన.

అది పంతొమ్మిది వందల యాభై రెండో సంవత్సరం. వరసగా మూడో ఏడు కూడా వాన మొహం చాటేసింది. యాడికి ఊరి వైపు పోయే బాటకు కంకర కొట్టే కరువు పని పెట్టింది సర్కారు. నాలుగూళ్ల జనం కుండా చట్టీ నెత్తిన పెట్టుకొని వచ్చి గుట్ట కింద తడికెల గుడిసెలు వేసుకున్నారు. ఒక పక్క గంజి పోసే పందిరి. ఇంకో పక్క రేకుల షెడ్డులో ఆస్పత్రి. ఆస్పత్రి అంటే ఒక నులక మంచం, ఒక బల్ల, కిరసనాయిలు స్టవ్వు, మందుల పెట్టె, ఈరప్ప. అంతే. డాక్టరు శనివారం శనివారం జీపులో వచ్చి పోతాడు.

చిన్నక్కను మోసుకొచ్చింది అట్లాంటి ఒక శనివారమే. కంకర కొడుతూ కొడుతూ ఉండగా ఆమె చేతివేళ్లు సుత్తె కాడ మీదే కొంకర్లు పోయాయి. సుత్తెను ఊడదీయడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. మొగుడు ఓబన్న ఆమెను భుజాన వేసుకొని వచ్చాడు. వెనక అత్త చౌడమ్మ, ఒక చేత చంటిబిడ్డ, ఇంకో చేత వేపమండ.

"గాలి సోకిండాది సామీ, గుట్ట కాడ" అంది చౌడమ్మ.

డాక్టరు చిన్నక్క చెవి ముందర వేలితో తట్టి చూశాడు. తట్టిన పక్క పెదవి ఎగిరింది.

"గాలీ లేదు, ధూళీ లేదు. ఒంట్లో సున్నం అయిపోయింది. తాగేది గంజి, బిడ్డకు ఇచ్చేది పాలు. ఎముకల్లోనుంచి తోడి ఇస్తాంది. పొద్దంతా కొట్టేది సున్నపురాయే, ఒంట్లో మాత్రం చిటికెడు లేదు."

"అయితే ఆకూవక్కలోకి ఇంకింత సున్నం ఎక్కువ పూసుకోమందునా సామీ?" అంది చౌడమ్మ. వేళ్లు కొంకర్లు పోయి ఉన్నా చిన్నక్కకు నవ్వొచ్చింది.

ఆ రోజు డాక్టరే స్వయంగా ఎక్కించాడు. మందు సగం పోయేసరికి ఆమె వేళ్లు ఒకదాని వెనక ఒకటి విచ్చుకున్నాయి. చౌడమ్మ వేపమండను మెల్లగా మంచం కిందికి జారవిడిచింది. సోమవారంనుంచి రోజూ ఒక సూది వెయ్యమని ఈరప్పకు చెప్పి డాక్టరు జీపెక్కాడు.

రెండో సూది ఈరప్ప వేశాడు, పదిహేను ఊపిర్లకు ఒక గీత చొప్పున. చిన్నక్క కునుకు తీసింది. లేచి, "అయిపోయిందా సామీ? నాకు తెలియనే లేదే" అంది. ఈరప్పకు దానికంటే మెప్పు అక్కర్లేదు.

పేచీ బయమ్మతో వచ్చింది. బయమ్మ, పని చేయించే మేస్త్రీ తిమ్మప్ప భార్య. ఇరవై ఎకరాల మెట్ట, సొంత ఎద్దులబండి ఉన్న ఇల్లు. ఒంట్లో నలతగా ఉందని ఆమె అంతకు ముందు గురువారం సంతకు బండి కట్టించుకొని పోయి, అక్కడ వెంకటప్ప దగ్గర సూది వేయించుకొని వచ్చింది. వెంకటప్ప ఏ చదువూ చదవలేదు. కానీ సంత రోజు అతని అంగడి ముందర జనం ఎద్దుల బేరానికి వచ్చినట్టు నిలబడతారు. వేసేది ఇదే కాల్షియం. అయితే ఒక్క తోపున తోసేస్తాడు.

నీళ్ల పీపాయి షెడ్డు పక్కనే ఉండడం వల్ల ఆడవాళ్ల మాటలన్నీ ఈరప్ప చెవిన పడతాయి.

"సూది గుచ్చినాడో లేదో, నాలికె మీద పుట్టి అరికాళ్ల దాకా పాకింది సెగ" అంటోంది బయమ్మ. "పొయ్యి ముందర కూసున్నట్టే. చెమటలు కారిపోయినాయి తల్లీ. ఉడుకు సూది అంటే అదీ. అట్ల కాల్తేనే గదా మందు నరాల్లో పోయినట్టు."

"మా చిన్నక్కకు రెండు పడె. సెగా లేదు, పొగా లేదు" అంది చౌడమ్మ.

"మన కాంపౌండరప్ప సూది పెట్టి జపం చేస్తాడు గదమ్మా" అంది పక్క గుడిసె నల్లమ్మ. "ఆ జపం అయ్యేలోగా మందు సల్లారిపోతాదేమో."

అందరూ నవ్వారు. బయమ్మ కుండ ఎత్తుకుంటూ అంది. "మందుంటే గదా కాలేది. నీళ్లు యాడన్నా కాలుస్తాయా?"

ఆ సాయంత్రానికి గుడిసెల్లో ఈరప్పకు 'సల్ల సూది' అని పేరు పడింది.

మరుసటి రోజు ఓబన్న వచ్చాడు. అరిచే మనిషి కాదు. గడప బయట నిలబడి తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

"సామీ, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. ఊరి బయట మా గేరోళ్లకు ఒక మందు, ఊళ్లో వాళ్లకు ఒక మందు అని సర్కారేమన్నా రాసిండాదా?"

"ఎవురన్నారప్పా?"

"ఒకరనేది ఏముండాది? బయమ్మకు కాలింది. చిన్నక్కకు కాల్లేదు. తాగే నీళ్లే మమ్మల్ని ముట్టకుండా పైనుంచి పోసేటోళ్లు, మందు సరిగ్గా పోస్తారా అని మాయమ్మ అంటాది."

ఈరప్ప చేతిలో ఉన్న దూది బల్ల మీద పెట్టాడు. "నీ కండ్ల ముందరే గదప్పా గాజుబుడ్డి మెడ విరిసినా?"

"విరిసినావు. బుడ్డిలో ముందే ఏం పోసిండారో నాకేం తెలుసు సామీ?"

"ఓబన్నా, ఇను. మెల్లగా ఎక్కిస్తే కాలదు. బిరబిరా తోస్తే కాల్తాది. కాలేది మందు గొప్ప కాదు, తోసేటోడి తొందర."

"అయితే తొందరగానే తొయ్యి."

"గుండెకు చెరుపప్పా."

"బయమ్మకు గుండె ల్యా?"

ఆ మాటకు ఈరప్ప దగ్గర జవాబు ఉంది. బయమ్మ రెండు పూటలా సంగటి తినే మనిషి, మజ్జిగ తాగే మనిషి. ఆ ఒళ్లు తట్టుకుంది. చిన్నక్క ఒళ్లు మూడేళ్ల కరువు నమిలి ఊసిన పిప్పి. తట్టుకోదు. కానీ ఎదుటివాడి ఆకలిని వాడి మొహం మీదే ఎలా అనడం? నాలుగు మాటలు కూడబలుక్కొని చెప్పే అలవాటు ఈరప్పకు మొదటి నుంచీ లేదు. ఊరుకున్నాడు. ఊరుకోవడం ఓబన్నకు ఒప్పుకున్నట్టు తోచింది.

"మేస్త్రీ బండి అడిగినా. ఈ గురువారం సంతకు తీసుకపోతా. వెంకటప్పతో ఉడుకు సూది వేయిస్తా" అని చెప్పి తలగుడ్డ చుట్టుకొని వెళ్లిపోయాడు.

ఈరప్పకు రెండు బాధలు పట్టుకున్నాయి. వెంకటప్ప చేతిలో పడితే ఆ పిల్ల బతకదు, అది ఒకటి. రెండోది చెప్పుకోదగింది కాదు. ఇరవై ఏళ్ల కొలువులో ఆయనను ఎవరూ దొంగ అనలేదు. నీళ్లు కలిపే చెయ్యి అని ఇప్పుడు నాలుగూళ్ల జనం అనుకుంటున్నారు. ఈ రెండింటికీ మందు ఒకటే అని ఆయనకు తోచింది. కొంచెం సెగ చూపిస్తే చాలు. సంత మాట మరిచిపోతారు.

మూడో సూదికి లెక్క సగం చేశాడు. గీతకు ఏడు ఊపిర్లు. గుండె చప్పుడులో తేడా రాలేదు.

"ఎట్లుండాదే?" అంది చౌడమ్మ మంచం మీదికి వంగి.

"గోరువెచ్చగా ఉండాది అత్తా."

"గోరువెచ్చగా అంటే సగం నీళ్లనే గదా."

"నా ఒళ్లేమన్నా సంగటి కుండనా, ఉడికిందా లేదా అని చూసేదానికి?" అంది చిన్నక్క. తర్వాత ఈరప్ప వైపు తిరిగి, "నాకు సెగ వద్దు సామీ. చేతులు పని చేస్తే సాలు. వీళ్ల మాటలు పట్టించుకోవద్దు" అంది.

అడిగింది ఆమె కాదు. ఆమె వద్దన్నది కూడా. ఆ మాట ఈరప్ప విన్నాడు. విని కూడా పక్కన పెట్టాడు.

నాలుగో సూది బుధవారం పడింది. తెల్లారితే సంత. మేస్త్రీ బండి అప్పుడే గుడిసెల మధ్యకు వచ్చి నొగలు దించుకొని ఉంది. బండిలో వరిగడ్డి పరిచి ఉంది. మధ్యాహ్నం గంజికి సుత్తెలు దించిన ఆడవాళ్లు నలుగురైదుగురు షెడ్డు వాకిట్లో చేరారు. చూడడానికే వచ్చారు. ఓబన్న మంచం పక్కన గొంతుకూర్చొని భార్య ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.

ఈరప్ప సిరంజి ఉడకబెట్టాడు. బుడ్డి మెడ విరిచాడు. కుడి చేతికి రబ్బరు కట్టి నరం పట్టాడు. రబ్బరు వదిలాడు. ఒకటి, రెండు, మూడు. ఏడుకు ఒక గీత దిగింది.

"మొదలాయె జపం" అంది చౌడమ్మ. "రేపు ఈ పొద్దుకు వెంకటప్ప కాడ ఉంటాంలే. పోనీ, ఈ సల్లనీళ్లు కూడా పోయించుకో."

వాకిట్లో నవ్వులు. నల్లమ్మ కళ్లు మూసుకొని పెదవులు కదిలిస్తూ ఆయనను వెక్కిరించి చూపించింది. ఓబన్న నవ్వలేదు, కానీ తల వంచుకున్నాడు. ఆ వంచుకున్న తల నవ్వుల కంటే ఎక్కువ కాల్చింది ఈరప్పను. చెవులు వేడెక్కాయి. లెక్క ఎక్కడ ఆగిందో ఆయనకు తెలియదు. బొటనవేలు మాత్రం ఆగలేదు. తొమ్మిది గీతలూ నాలుగైదు ఊపిర్లలో దిగిపోయాయి.

చిన్నక్క కళ్లు పెద్దవయ్యాయి.

"వచ్చె... అత్తా, సెగ వచ్చె! నాలికె మీద... అబ్బ, కడుపులో కూడా." మొహం ఎర్రబడింది. నవ్వింది. పందెం గెలిచిన పిల్లలాగా నవ్వింది.

"ఆఁ! ఇదీ మందంటే" అంది చౌడమ్మ. "ఇన్నాళ్లకు చెయ్యి వచ్చింది కాంపౌండరప్పకు!"

వాకిట్లో ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఓబన్న తలెత్తి ఈరప్పను చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. తప్పుగా అనుకున్నానే అన్నట్టు ఉంది. సూది బయటికి లాగి దూది అదిమిన ఈరప్పకు ఆ చూపు ఎండిన గొంతులో మజ్జిగలాగా దిగింది. ఎప్పుడూ రోగి రొమ్ము చూసే మనిషి ఆ నిమిషంలో జనం మొహాలు చూస్తున్నాడు.

"సామీ, ఎదలో ఏందో..." అంది చిన్నక్క.

ఆయన చెయ్యి పట్టి చూశాడు. నాడి ఒకసారి కొట్టింది. చాలాసేపటికి ఇంకోసారి కొట్టింది. ఆ తర్వాత కొట్టలేదు.

పెట్టెలో ఉన్న, గుండెను లేపే కొరమిన్ మందు బుడ్డి విరిచి పొడిచాడు. మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తాడు. ఓబన్నను అరికాళ్లు రుద్దమన్నాడు. రొమ్ము మీద చెవి పెట్టాడు. బయట గంజి పోసేవాళ్లు కేకలు వేస్తున్నారు, వరసలో రండి అని. ఓబన్న ఇంకా అరికాళ్లు రుద్దుతూనే ఉన్నాడు. ఈరప్ప అతని చేతులు పట్టుకొని ఆపాల్సి వచ్చింది.

ఎవరూ ఈరప్పను ఒక్క మాట అనలేదు. అదే ఆయనకు అర్థం కాలేదు. గుట్ట అవతల పూడ్చి వచ్చాక చౌడమ్మ షెడ్డు ముందర కూలబడి గుండెలు బాదుకుంది. "మందు పడింది గదమ్మా! అసలైన మందు పడింది గదా! సెగ వచ్చె అని నోటితో చెప్పె గదా! ఇంతకు ముందే పడింటే దక్కేదేమో. మా రాతకు ఆలస్యమాయె!"

నల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఆ సామి చేసేదంతా చేసె. ఆయువు ల్యా" అంది.

శనివారం డాక్టరు వచ్చాడు. విని, కాసేపు మందుల పెట్టె వైపు చూశాడు.

"ఎట్ల ఎక్కించినావు ఈరప్పా?"

"తమరు చెప్పినట్టే సార్."

డాక్టరు ఇంకేమీ అడగలేదు. కాగితం మీద ఏదో రాసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆకలి చావు అని మాత్రం రాయకూడదని పైనుంచి ఉత్తరువు ఉంది. ఏం రాశాడో ఈరప్ప అడగలేదు.

ఆ తర్వాత షెడ్డు ముందర వరస పెరిగింది. చేతులు చాపి వస్తున్నారు, మాకూ ఉడుకు సూదే వెయ్యమని. ఈరప్ప మాత్రలు ఇచ్చి పంపుతున్నాడు. సూది ముట్టలేదు.

పది రోజులకు ఓబన్న వచ్చాడు, బిడ్డను భుజాన వేసుకొని. పాలపొడి తీసుకోవడానికి రోజూ వస్తాడు. ఆ రోజు పాలపొడి తీసుకున్నాక కూడా కదల్లేదు.

"సామీ, మాయమ్మకు కాళ్లు లాగుతాండాయంట. కండ్లు తిరుగుతాండాయంట. చిన్నక్కకు ఏసిన సూదే ఏయించమని పోరుతాండాది. ఆ ఆకరిదే. ఉడుకుది."

"వెయ్యను."

"ఏంటికి సామీ? మందు ల్యా?"

"ఉండాది."

ఈరప్ప స్టవ్వు ఆర్పాడు. వచ్చి గడప లోపలి పక్క నేల మీద కూర్చున్నాడు. ఆయన నేల మీద కూర్చోవడం చూసి ఓబన్న కూడా గడప అవతల కూర్చున్నాడు.

"చిన్నక్క రాతకు పోలేదు ఓబన్నా" అన్నాడు. ఒక్కో మాటా రాయి ఎత్తి పెట్టినట్టు పెట్టాడు. "ఆ పొద్దు నేను లెక్క వదిలేసినా. పది నిమిషాలు పట్టాల్సిన మందు దబాలున తోసినా. గుండె నిలబడిపోయింది. చేసింది నేనే."

బిడ్డ పిడికిటితో ఓబన్న చెవి పట్టి లాగుతోంది. ఆ పిడికిలిని మెల్లగా విడిపించుకున్నాడు.

"అయితే మందేనన్నమాట" అన్నాడు చివరికి.

"మందే."

"మొదటి సూదినుంచీనా?"

"మొదటి సూదినుంచీ."

"మెల్లగా ఎక్కినప్పుడు... అదే మందు?"

"అదే."

ఓబన్న ఊపిరి గట్టిగా వదిలాడు. "నేనడక్కుంటే తోసేటోనివా సామీ?"

తోసేవాణ్నే అని చెప్పాలని ఈరప్ప అనుకున్నాడు. డాక్టరు దగ్గర అబద్ధం నీళ్లు తాగినంత సులువుగా వచ్చింది. ఇక్కడ నాలుక తిరగలేదు. "తెలిసినోణ్ని నేను. నువ్వడిగితే మాత్రం? వేలు నాది" అన్నాడు. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

"శనివారం డాక్టరుకు చెప్తా. తీసేస్తే తీసేస్తాడు. జైల్లో పెడితే పెడతాడు" అన్నాడు మళ్లీ.

"వద్దు."

"వద్దంటే ఎట్ల ఓబన్నా?"

"నిన్ను తీసేసి ఇంకొకణ్ని పంపిస్తారు. వాడు మెల్లగా ఎక్కిస్తాడని ఏం నమ్మకం? నీకిప్పుడు తెలిసింది. వాడికి తెలిసేదానికి ఇంకొకరు పోవాల." కోపంగా అనలేదు. ఏ ఎద్దును ఏ పక్క కట్టాలో చెప్పినట్టు అన్నాడు. కానీ ఆ మాటతో ఈరప్పకు పారిపోయే దారి మూసుకుపోయింది.

లేచి బిడ్డను భుజం మార్చుకున్నాడు ఓబన్న. రెండడుగులు వేసి ఆగాడు.

"మాయమ్మకు చెప్పొద్దు సామీ. ఉడుకు సూది కావాలని మొదట అనింది ఆమె. తెలిస్తే బతకదు."

"మరి సూది అడిగితే ఏం చెప్పేది?"

"ఉడుకు మందు అయిపోయింది, సర్కారు ఇంక సల్లదే పంపుతాండాదని చెప్పు."

ఈరప్ప ఆ మాటే చెప్పాడు. చౌడమ్మకూ చెప్పాడు, వరసలో నిలబడిన వాళ్లందరికీ చెప్పాడు. జనం నమ్మారు. సర్కారు మంచివన్నీ ఆపేస్తుందన్న సంగతి వాళ్లకు కొత్త కాదు. గొణుక్కుంటూ చేతులు చాపారు. ఈరప్ప మళ్లీ సూది పట్టాడు.

చౌడమ్మ ఇప్పుడు కోడలి జాగాలో కూర్చొని కంకర కొడుతుంది. ఎండ తగ్గే వేళకు ఊపిరి తీసుకోవడానికి సుత్తె దించి, చుట్టూ ఉన్న వాళ్లకు చెబుతుంది.

"ఆకరి ఉడుకు సూది నా కోడలికే పడింది తల్లీ. ఇంకెవురికీ దక్కలేదు. ఆ సామి మాకోసమని దాచిపెట్టింటాడు. దొంగ అంటిమి ఆయన్ని, నా నోట్లో మన్ను పడ! సెగ వచ్చె అత్తా అని నవ్వుతా చెప్పె నా తల్లి. నేను కండ్లారా చూస్తి."

మందు పెట్టె పట్టుకొని గుడిసెల్లోకి పోతున్న ఈరప్ప ఆ మాటలు వినపడేంత దూరంలోనే నడవాలి. బాట అదొక్కటే. అవతల కుప్ప దగ్గర ఓబన్న తలెత్తడు.

"చెప్పరా ఓబన్నా, నువ్వూ ఉంటివి గదా" అంటుంది చౌడమ్మ.

"ఊఁ" అంటాడు ఓబన్న, ఇంకో రాయి ముందరికి లాక్కుంటూ.